గోండి పిల్లలు నోరు విప్పడం లేదు

ప్రశ్న: ఉట్నూరు దగ్గర ఒకటో తరగతి చెబుతున్నాను. తెలుగులో ఏమడిగినా గోండి పిల్లలు తల దించుకుంటున్నారు. ఏం చేయను? – ఒక ఉపాధ్యాయిని

జవాబు: అమ్మా, నేనూ ఆ ఊళ్లలోనే చాక్‌పీసులు అరగదీశాను. మొదటి ఏడాది ఒక పిల్ల 'ఏర్, ఏర్' అంటుంటే వాగు సంగతేమో అనుకుని కిటికీలోంచి తొంగి చూశాను. పాపం, దాహమేసి నీళ్లడుగుతోంది! గోండిలో ఏర్ అంటే నీళ్లు. ఆ మధ్యాహ్నమే నోటుబుక్కు పట్టుకుని, వంట చేసే ఆమె దగ్గర కూర్చున్నాను.

ముందు మీరు ఓ యాభై మాటలు నేర్చుకోండి. తప్పు పలికితే పిల్లలు పగలబడి నవ్వుతారు. నవ్వనివ్వండి, నోళ్లు తెరుచుకునేది అప్పుడే. బొమ్మ కింద రెండు మాటలూ పక్కపక్కన రాయండి, తెలుగు లిపిలోనే. గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకునే కదా సవర పిల్లలకు పుస్తకాలు రాసింది! తనిఖీకొచ్చినవారు 'ఇదేంటి' అంటే రాజ్యాంగం 350ఏ అధికరణం చూపించండి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన గురించే అది.