ముందు కార్డు వెనక్కి తిప్పు

బాబూ, నీ మెసేజ్ చూశా. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల మీద చాటుగా పోరాడినవాళ్ళ పాత పోస్ట్‌కార్డులు పోగేస్తానంటున్నావు, మంచిదే, కానీ బొమ్మ చూసి మనసు పారేసుకోకు, ముందు కార్డు వెనక్కి తిప్పు.

ఎందుకంటావా, జర్మన్లు ఊళ్ళో ఉండగా దళంలో వాడి ఫోటో కార్డుగా అచ్చేసి అమ్మేదెవరు చెప్పు, అది జేబులో దొరికితేనే ప్రాణం మీదకొచ్చేది. అందుకే ఫ్రాన్స్ కార్డులు ఎక్కువగా 1944 ఆగస్టులో పారిస్‌కి విముక్తి వచ్చాక వేసినవే, బారికేడ్లు, చేతికి ఎఫ్‌ఎఫ్‌ఐ (ఫ్రాన్స్ లోపల పోరాడిన దళాల పేరు) పట్టీ కట్టుకున్న కుర్రాళ్ళు. ఇది 1942లో పారిస్‌లో అచ్చయింది అని ఎవడైనా అలాంటిది చూపిస్తే నవ్వేసి వచ్చెయ్. సోవియట్ సంగతి వేరు, అక్కడ సొంత ప్రభుత్వమే వేసింది. 1941 నవంబర్ 29న జర్మన్లు ఉరితీసిన పద్దెనిమిదేళ్ళ గెరిల్లా జోయా కొస్మొదెమ్యాన్‌స్కయా కార్డులు దశాబ్దాల పాటు వస్తూనే ఉన్నాయి, కాబట్టి వెనక చిన్నక్షరాల్లో ఏడాది, కాపీల లెక్క ఉంటే భూతద్దం పెట్టి చదువుకో.

అదే భూతద్దంతో బొమ్మా చూడు. చుక్కలు చుక్కలుగా ఉంటే ప్రెస్ అచ్చు, లేకపోతే చాలావరకు ఫోటో పేపర్. చుక్కలున్నంత మాత్రాన నకిలీ అనుకునేవు, కాదు.

నేనూ మోసపోయాలే. తుపాకీ పట్టుకున్న అమ్మాయి కార్డు, మాసిన అంచులు, మూల మడత, టీ రంగు మరక, చూడగానే డబ్బు చేతిలో పెట్టేశా. రాత్రి యూవీ టార్చ్ వేస్తే కార్డంతా నీలంగా వెలిగింది, మరక ఉన్నచోట తప్ప! అలా వెలిగించేది కాగితం తెల్లగా కనిపించడానికి కలిపే కెమికల్, అది 1950కి ముందు కాగితాల్లో దాదాపు కనిపించదు.

అమ్మేవాడు చెప్పే కథ కూడా వెంటనే నమ్మకు. ఫ్రాన్స్‌లో చాటు పోరాటం నడిపిన నాయకుడు జాఁ మూలాఁ మఫ్లర్ ఫోటో ఉంది చూడు, మెడ మీద గాయం దాచుకోడానికే ఆ మఫ్లర్ అంటారు, గాయమైంది 1940 జూన్‌లో, ఫోటో దిగింది అంతకు ముందే.

దాచడం అంటావా, పీవీసీ కవర్లు వద్దు, పాలీప్రొపిలీన్‌వి తెచ్చుకో. టేపు, లామినేషన్ జోలికి అస్సలు పోకు. వెనక ఎవరైనా ఇంటికి నాలుగు ముక్కలు రాసి ఉంటే పాడైందని వదిలేసేవు, నేనైతే ఖాళీ కార్డు కంటే ముందు దాన్నే తీసుకుంటా, స్టాంపు మాత్రం ఊడదీయకు.

మొదటిది కొనే ముందు రెండు వైపులా ఫోటో తీసి నాకు పంపు.