సండేస్కూలుకు ఏ పాఠాలు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సండేస్కూలు పుస్తకాల ఎంపిక గురించి వచ్చిన ఉత్తరాలలో అయిదింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఉత్తరాలను కొంత కుదించాం.

ప్రశ్న: వచ్చే ఏడాదికి కొత్త సండేస్కూలు పుస్తకాలు ఎంచుకునే పనిని మా పాస్టరుగారు ఉపాధ్యాయులమైన మాకే అప్పగించారు. మూడు ప్రచురణ సంస్థల నమూనా పుస్తకాలు తెప్పించుకున్నాం. మూడూ రంగుల బొమ్మలతో ముచ్చటగా ఉన్నాయి. ఒకరికి నచ్చింది మరొకరికి నచ్చడం లేదు. దేనిని బట్టి నిర్ణయించుకోవాలి?
– ఒక సండేస్కూలు ఉపాధ్యాయిని

జవాబు: మూడు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని పేజీలు తిప్పుతున్నంతసేపూ మీకు ఏకాభిప్రాయం కుదరదు. అలా చూసినప్పుడు కంటికి ఆనేవి బొమ్మలు, కాగితం, చేతిపనులు మాత్రమే. వాటి విషయంలో ఎవరి ఇష్టం వారిది. కాబట్టి ముందుగా ప్రతి సంస్థ నుంచీ పాఠక్రమ పట్టిక తెప్పించుకోండి. ఏ వయసు పిల్లలకు ఏ ఏడాదిలో ఏ వాక్యభాగాలు బోధిస్తారో అందులో వరుసగా ఉంటుంది. సృష్టి, నోవహు ఓడ, దావీదు గొల్యాతులు, యోనా, క్రిస్మసు మాత్రమే ఏటేటా మళ్లీ మళ్లీ వస్తున్నాయా, లేక ప్రవక్తలకు, కీర్తనలకు, అపొస్తలుల కార్యములకు, పత్రికలకు కూడా చోటు దొరికిందా అన్నది ఆ పట్టిక చూడగానే తేలిపోతుంది. యూదులను బందీలుగా తీసుకుపోయిన బబులోను చెర గురించి ఒక్క పాఠమైనా లేకుండా సింహాల గుహ కథ చెబితే, దానియేలు పరాయి రాజు కొలువులో ఎందుకు ఉన్నాడో పిల్లలకు అంతుపట్టదు. వాళ్లకు కథలు తెలుస్తాయి గానీ, ఆ కథలన్నీ ఒకే చరిత్రలోని భాగాలని తెలియదు.

పట్టికలు పరిశీలించాక, ఒకే కథను మూడు పుస్తకాలలోనూ వెతికి, మొదటి నుంచి చివరి దాకా చదవండి. యోహాను సువార్త 6వ అధ్యాయంలో అయిదువేలమందికి ఆహారం పెట్టిన సంగతి ఇందుకు బాగా పనికివస్తుంది. చాలా పాఠాలు ఆ కథలోని చిన్నవాడిని నాయకుడిగా నిలబెట్టి, అతడు తన భోజనాన్ని సంతోషంగా ఇచ్చేశాడనీ, మనం కూడా ఉన్నదానిని పంచుకుంటే దేవుడు దీవిస్తాడనీ ముగిస్తాయి. వాక్యంలో చూస్తే, అతని దగ్గర అయిదు యవల రొట్టెలు, రెండు చిన్న చేపలు ఉన్నాయని అంద్రెయ చెప్పడమే తప్ప, అతడు సంతోషంగా ఇచ్చాడన్న మాట లేదు. తక్కిన మూడు సువార్తలలో అయితే ఆ పిల్లవాడి ప్రస్తావనే రాదు. యోహాను ఈ సూచక క్రియను, అంటే అద్భుతాన్ని, అదే అధ్యాయం 35వ వచనంలో ‘జీవాహారము నేనే’ అని యేసు చెప్పిన మాట దాకా తీసుకువెళతాడు. పాఠం కూడా అక్కడి దాకా వెళ్లిందా, లేక పిల్లవాడి మంచితనం దగ్గరే ఆగిపోయిందా అన్నది చూడండి.

పంచుకోవడం నేర్పడంలో తప్పేమీ లేదు. అయితే దావీదు నుంచి ధైర్యం, రూతు నుంచి విధేయత, దానియేలు నుంచి ప్రార్థన అంటూ ప్రతి ఆదివారమూ ఒక్కొక్క గుణం అప్పజెప్పుకుంటూ పోతే, ఏడాది తిరిగేసరికి పిల్లల మనసులో దేవుడు మన నడతకు మార్కులు వేసే పరీక్షాధికారిగా మిగిలిపోతాడు. ‘ఈ కథలో దేవుడు ఏం చేశాడు?’ అని పాఠాన్ని అడిగి చూడండి. జవాబు పాఠంలోనే స్పష్టంగా దొరికితే ఆ పుస్తకాన్ని ఉంచుకోండి. ఎంత వెతికినా పిల్లలు ఏం చేయాలన్నదే కనిపిస్తే, బొమ్మలు ఎంత బాగున్నా దానిని పక్కన పెట్టమనే నేను చెబుతాను.

సిద్ధాంతానికి సంబంధించిన తేడాలను ముందుమాటలో వెతకడం దండగ. అక్కడ అందరూ అందరికీ నచ్చేలాగే రాస్తారు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలోని ఐతియొపీయుడైన నపుంసకుని కథనూ, 16వ అధ్యాయంలోని లూదియ, చెరసాల నాయకుడు, వారి ఇంటివారు బాప్తిస్మం పొందిన కథనూ ఎలా చెప్పారో చదవండి. శిశువులకు బాప్తిస్మం ఇచ్చే సంఘాలవారు రాసిన పాఠానికీ, విశ్వసించినవారికి మాత్రమే ఇచ్చే సంఘాలవారు రాసిన పాఠానికీ తేడా ఆ పేజీలలో బయటపడుతుంది. ప్రభు రాత్రి భోజనం గురించిన పాఠం కూడా అంతే. తేడా ఉన్నంత మాత్రాన పుస్తకాన్ని తోసిపుచ్చనవసరం లేదు గానీ, ఆ పాఠం వచ్చేలోపు పాస్టరుగారితో మాట్లాడి దానిని సవరించుకోవాలి.

చివరి పరీక్ష ఉపాధ్యాయుల పుస్తకానికి పెట్టాలి. మీలో అందరికంటే అనుభవం ఉన్నవారికి కాకుండా, ఈ మధ్యనే చేరినవారికి ఒక పాఠం ఇచ్చి బోధించమనండి. అనుభవజ్ఞులు పేలవమైన పాఠాన్ని కూడా రక్తి కట్టిస్తారు, దానితో పుస్తకం లోపం కనబడకుండా పోతుంది.

ప్రశ్న: మాది చిన్న సంఘం. నాలుగేళ్ల పిల్లల నుంచి పదమూడేళ్ల పిల్లల దాకా ఒకే గదిలో కూర్చుంటారు. బోధించేది మేమిద్దరమే. వయసుల వారీగా విడివిడి పుస్తకాలు కొనాలా, అందరికీ ఒకే పాఠం చెప్పవచ్చా?
– ఒక సంఘ పెద్ద

జవాబు: ఈ తర్జనభర్జన పాతదే. 1872లో అమెరికాలోని సండేస్కూలు నాయకులు ఏకరీతి పాఠాల పద్ధతిని ఆమోదించారు. దాని ప్రకారం పసిపిల్లల నుంచి పెద్దల దాకా అందరూ ఒకే ఆదివారం ఒకే వాక్యభాగం చదివేవారు. ఇంటిల్లిపాదీ ఒకే పాఠం గురించి మాట్లాడుకునే వీలు కలిగింది గానీ, పసిపిల్లలకు మింగుడుపడని భాగాలు కూడా వాళ్ల వంతుకు రావడంతో, 20వ శతాబ్దం మొదటి దశకంలో వయసుల వారీ పాఠాలు వాడుకలోకి వచ్చాయి. మీ పరిస్థితిలో మొదటి పద్ధతే అనువైనది. కథ అందరికీ ఒకటే ఉంచి, ఆ తరువాతి సంభాషణను మాత్రం రెండు జట్లుగా విడదీయండి. ఎనిమిదేళ్ల లోపువారు ఒకరి దగ్గర, ఆ పైవారు మరొకరి దగ్గర కూర్చుంటారు. ఒకే కథకు రెండు స్థాయిల ప్రశ్నలు ఇచ్చే పుస్తకాలు కూడా ఉంటాయి. వెతికి అటువంటివే తీసుకోండి.

అయితే చిన్నవారికిచ్చిన ప్రశ్నలు నిజంగా చిన్నవారికి తగినవేనా అన్నది మీరే చూసుకోవాలి. స్విట్జర్లండుకు చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజే పరిశోధనల ప్రకారం, సుమారు పదకొండు పన్నెండేళ్లు వచ్చేదాకా పిల్లలు కంటికి కనిపించే, చేతికి తగిలే వాటి ఆధారంగానే ఆలోచిస్తారు. ‘యేసును నీ హృదయంలోకి ఆహ్వానించు’ అని అయిదేళ్ల పిల్లకు చెబితే, అంత పెద్ద మనిషి ఇంత చిన్న గుండెలో ఎలా పడతాడని అడుగుతుంది. అది అల్లరి ప్రశ్న కాదు, ఆ వయసుకు తగిన ప్రశ్నే. వస్తువులు చూపించి ఆత్మీయ సంగతులు చెప్పే పాఠాలతో కూడా ఇదే చిక్కు. నీరు, మంచుగడ్డ, ఆవిరి అంటూ త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న బోధను) వివరించే పాఠం ఎన్నో పుస్తకాలలో కనిపిస్తుంది. చిన్నవారికి అందులో గుర్తుండేది మంచుగడ్డ ఒక్కటే. పెద్దపిల్లలకు అర్థమైతే ఇంకా ఇబ్బంది. ఒకే దేవుడు వేళకొక రూపం ధరిస్తాడని అది నేర్పుతుంది. తొలి శతాబ్దాలలోనే సంఘం తప్పని తోసిపుచ్చిన బోధ అది. చిన్నపిల్లలకు ఉపమానాలకంటే కథను కథగా చెప్పడమే మేలు.

ప్రశ్న: మా సంఘంలో పెద్దవారు కాటికిజం (ప్రశ్నలు, జవాబుల రూపంలో ఉండే విశ్వాస బోధ) కంఠతా పట్టించాలంటున్నారు. యువ ఉపాధ్యాయులేమో అది చిలకపలుకుల చదువని కొట్టిపారేస్తున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాస్టరు

జవాబు: కాటికిజం పుట్టుక తెలిస్తే దానిని చిలకపలుకులని అంత తేలిగ్గా అనలేం. 1528లో జర్మనీలోని సాక్సొనీ ప్రాంతపు సంఘాలను సందర్శించిన సంఘ సంస్కర్త మార్టిన్ లూథరు, అక్కడివారికి విశ్వాస ప్రమాణం కూడా రాకపోవడం చూసి కలత చెంది, మరుసటి ఏడాది చిన్న కాటికిజం రాశాడు. అందులో ప్రతి ఆజ్ఞ తరువాత, ప్రతి ప్రార్థనా వాక్యం తరువాత ‘దీని భావమేమి?’ అన్న ప్రశ్న పదేపదే వస్తుంది. కంఠతా పట్టడంతో ఆగిపోకూడదన్నది రచయిత ఉద్దేశమేనన్నమాట. 1563 నాటి హైడెల్‌బర్గ్ కాటికిజంలోని 129 ప్రశ్నలను ఏడాదిలోని 52 ఆదివారాలకు పంచారు. 1647లో పూర్తయిన వెస్ట్‌మిన్‌స్టర్ చిన్న కాటికిజంలో 107 ప్రశ్నలు ఉన్నాయి. మీ సంఘ సంప్రదాయానికి చెందినది ఏదైనా ఉంటే, ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకు వారానికి ఒక్క ప్రశ్న చొప్పున నేర్పండి. ఆ వయసులో కంఠతా పట్టడం వాళ్లకు సరదా. మనం అనుకున్నంత బరువు కాదు.

ఒక్క జాగ్రత్త అవసరం. ప్రశ్నా మనదే, జవాబూ మనదే అయిన పద్ధతిలో పిల్లల ప్రశ్నకు చోటు ఉండదు. నిర్గమకాండము 12:26లో పస్కా ఆచారం గురించి అడిగేది పిల్లలే, జవాబు చెప్పవలసింది పెద్దలు. కాబట్టి పాఠం నడిచేటప్పుడు పిల్లలు తమ సొంత ప్రశ్నలు అడగడానికి సమయం విడిచిపెట్టే పుస్తకాన్నే ఎంచుకోండి.

కంఠత వాక్యాల ఎంపికను కూడా పనిలో పనిగా పరిశీలించండి. యిర్మీయా 29:11లోని ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు’ అన్న మాట పిల్లల పుస్తకాలలో తరచుగా కనిపిస్తుంది. అది బబులోనుకు చెరపట్టబడినవారికి రాసిన పత్రికలోనిది, దాని ముందు వచనంలోనే డెబ్బది సంవత్సరాల చెర ప్రస్తావన ఉంది. ‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’ అన్న ఫిలిప్పీయులకు 4:13ను పరీక్షలలోనూ ఆటలపోటీలలోనూ గెలుపు కోసం వాడుకోవడం మామూలైపోయింది. పౌలు అక్కడ మాట్లాడుతున్నది ఆకలిగొన్నా కడుపు నిండినా సంతృప్తిగా ఉండడం గురించి. ముందూ వెనకా వచనాలను కలిపి చెప్పని పుస్తకం కొంటే, ఆ పని ఉపాధ్యాయుల నెత్తిన పడుతుంది.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. చదవడం అతనికి చాలా కష్టం. సండేస్కూలులో ఒకరి తరువాత ఒకరు వచనం చదవాలి, తరువాత ఖాళీలు పూరించాలి. తన వంతు వస్తుందని భయపడి ఆదివారం పొద్దున కడుపునొప్పి అంటున్నాడు. ఉపాధ్యాయులకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, దాపరికం లేకుండా, అయితే తరగతిలో అందరి ముందూ కాకుండా చెప్పండి. ‘బాబుకు కథలంటే ఇష్టం, పైకి చదవడమే కష్టం, దయచేసి అతని చేత చదివించకండి’ అంటే చాలు. అంతకు మించి కారణాలు చెప్పుకోవలసిన అవసరం మీకు లేదు. వరసగా చదివించే పద్ధతికి బదులు, చదవాలనుకున్నవారు చెయ్యి ఎత్తే పద్ధతి పెడితే మీ బాబు ఒక్కడే విడిగా కనబడడు కూడా.

ఈ ఉత్తరాన్ని పుస్తకాలు ఎంచుకునేవారంతా చదవాలని నా కోరిక. ఖాళీలు పూరించండి, జతపరచండి, గళ్ళనుడికట్టు, ఆపై కంఠత వాక్యం రాయండి అంటూ సాగే పాఠాలు బడిని ఆదివారానికి కూడా లాక్కొస్తాయి. బడిలో వెనకబడిన పిల్లలు ఇక్కడా వెనకబడతారు. వాక్యం ఎన్నో తరాలపాటు చెవుల ద్వారానే పిల్లలకు చేరింది. ద్వితీయోపదేశకాండము 6:7 కూడా ఇంట కూర్చున్నప్పుడు, త్రోవన నడిచేటప్పుడు మాట్లాడమనే చెబుతుంది. నమూనా పాఠం చేతికొచ్చినప్పుడు, అక్షరం చదవకుండా ఒక పిల్లవాడు అందులో ఎంతవరకు పాలుపంచుకోగలడో లెక్క వేయండి. కథను వినడం, అభినయించడం, పాడడం, మట్టితోనో కాగితంతోనో చేసి చూపడం, తన మాటల్లో తిరిగి చెప్పడం వంటివి పాఠంలో సగమైనా ఉండాలి. వినికిడి లోపం ఉన్న పిల్లలకు, ఎక్కువసేపు కూర్చోలేని పిల్లలకు మార్పులు సూచించే ఉపాధ్యాయుల పుస్తకం దొరికితే అది మరీ మంచిది.

ప్రశ్న: ఒక పుస్తకం కొని, మిగతా పిల్లలకు జిరాక్సు తీసి ఇస్తున్నాం. దేవుని పనికే కదా, తప్పా?
– ఒక యువజన సంఘ కార్యదర్శి

జవాబు: పుస్తకంలో అనుమతి ఉంటే తప్పు కాదు, లేకపోతే తప్పే. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన రచయితల హక్కు, చిత్రకారుల హక్కు రద్దు కావు. ముందు లోపలి అట్ట వెనుక పేజీ చదవండి. బొమ్మలకు రంగులు వేసే పేజీలనూ, అభ్యాసాల పేజీలనూ తరగతి కోసం నకలు తీసుకోవచ్చని కొన్ని సంస్థలు అక్కడే రాస్తాయి. మరికొన్ని తమ పాఠాలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (కొన్ని షరతులతో అందరికీ ముందుగానే ఇచ్చే అనుమతి) కింద ఉచితంగానే అందిస్తాయి. వాటిలో కొన్నింటిని మార్చకూడదు, కొన్నింటిని అమ్మకూడదు, షరతు చదివి వాడుకోవాలి. అనుమతి లేని పుస్తకమైతే ప్రచురణకర్తలకు మీ పరిస్థితి వివరిస్తూ ఒక ఉత్తరం రాయండి. ఒప్పుకోకపోతే పిల్లల పుస్తకాలు మానేసి ఉపాధ్యాయుల పుస్తకం మాత్రం కొనుక్కోండి. పిల్లలకు తెల్లకాగితాలు ఇచ్చి, విన్న కథను వాళ్లనే బొమ్మ వేయమనండి.