‘తప్పయ్యే అవకాశం 5 శాతమే’ అనవచ్చా?

సందేహం: మాది అనంతపురం. రైతుల కోసం కరపత్రం రాస్తూ, ‘కొత్త శెనక్కాయ విత్తనం దిగుబడి ఎక్కువని 5 శాతం సార్థకత స్థాయిలో తేలింది. అంటే ఈ మాట తప్పయ్యే అవకాశం 5 శాతమే’ అన్నాను. స్టాటిస్టిక్స్ చెప్పే మిత్రుడు వాక్యం తప్పన్నాడు. ఎక్కడ తప్పు? లేని తేడాను ఉందని పరీక్ష చెప్పే ‘ఫాల్స్ పాజిటివ్’ను ‘తప్పుడు పాజిటివ్’ అనవచ్చా?

సమాధానం: ముందుగా, ‘వేరుశనగ’ అనకుండా ‘శెనక్కాయ’ అని రాసినందుకు సంతోషం. కర్నూలు వైపు పంచేటట్టయితే ‘బుడ్డలు’ అని కూడా చేర్చండి.

వ్యాకరణం వరకు మీ వాక్యానికి వంక పెట్టలేం. జారిపోయిందల్లా ఒక్క ‘అప్పుడు’. ఆ 5 శాతం విడిగా నిలబడే లెక్క కాదు, ఒక షరతును పట్టుకొని ఉంటుంది: ‘రెండు విత్తనాలకూ నిజానికి తేడా లేనప్పుడు, ఉందని పరీక్ష పొరపాటున చెప్పే అవకాశం 5 శాతం.’ మీరు షరతును వదిలేసి, శాతాన్ని తెచ్చి ఫలితానికి తగిలించారు. మాట పొదుపైంది గానీ అర్థమే మారిపోయింది.

ఎంత మారిందో చూడండి. 1000 కొత్త రకాలను పరీక్షించారనుకుందాం. అందులో నిజంగా మెరుగైనవి 100. వాటిలో 80 పరీక్షకు చిక్కాయి. మిగిలిన 900లో 5 శాతం, అంటే 45 రకాలు ఏ గొప్పా లేకుండానే గట్టెక్కాయి. ‘మేలైనవి’ అని తేలిన మొత్తం 125లో 45 ఉత్తవే. అంటే 36 శాతం! అప్పు చేసి విత్తనం కొనే రైతుకు 5కూ 36కూ ఉన్న తేడా చిన్నదేం కాదు.

సార్థకతకు 5 శాతం గీత 1925లో వచ్చిన గణాంకవేత్త ఫిషర్ పుస్తకంతో బాగా వాడుకలోకి వచ్చింది. పొరపాట్లను రెండుగా విడదీసి చూపింది నేమన్, ఈగన్ పియర్సన్ అనే గణాంకవేత్తలు, 1928–33 మధ్య రాసిన వ్యాసాల్లో. తాడును పామనుకోవడం మొదటి రకం, పామును తాడనుకోవడం రెండోది. ఫాల్స్ పాజిటివ్ ఆ మొదటిదే. 5 శాతం కాపలా కూడా దానికొక్కదానికే. అందుకని తేడా తేలనప్పుడు ‘తేడా లేదు’ అని రాసేయకండి, ‘తేడా కనబడలేదు’ అనండి.

ఇక ‘తప్పుడు’ సంగతి. తప్పుడు కేసు, తప్పుడు సాక్ష్యం అన్నప్పుడు ఎవరో కావాలని చేశారన్న ధ్వని ఉంటుంది. పరీక్షలో దొర్లే పొరపాటుకు ఆ నింద అక్కర్లేదు, ‘పొరపాటు పాజిటివ్’ చాలు. ఫాల్స్ పాజిటివ్ అనే ఉంచినా నాకు అభ్యంతరం లేదు. అయితే 20 రకాలను విడివిడిగా పరీక్షించి, గెలిచిన ఒక్కదాన్నే కరపత్రంలో వేసి మిగతావాటి ఊసెత్తకపోతే అది తప్పుడు పనే. ఏ రకంలోనూ తేడా లేకున్నా, ఆ ఇరవైలో కనీసం ఒక్కటైనా అలా గెలిచే అవకాశం 64 శాతం దాకా ఉంటుంది. కాబట్టి మీ కరపత్రంలో మొత్తం ఎన్ని రకాలు పరీక్షించారో కూడా ఒక ముక్క రాయండి.