శ్రావణికి, అప్లికేషన్ పంపే ముందు

చి. శ్రావణికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన అప్లికేషన్ రెండుసార్లు చదివాను. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకిచ్చే స్కాలర్‌షిప్‌కి పెడుతున్నావంటే సంతోషం. ఆడపిల్లలకని ప్రత్యేకించి పెట్టింది కాదు గానీ, నీలాంటి దానికే ఎక్కువ అక్కరకొస్తుంది. 18 నుంచి 25 ఏళ్ళ లోపు వయసు, బొమ్మలు గీసేవాళ్ళకైతే బి.ఎఫ్.ఏ. (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ). రెండూ నీకున్నాయి.

"నా గురించి" అన్న పేజీ మాత్రం కొట్టిపారెయ్. "చిన్నప్పటి నుంచి కళంటే ప్రాణం", "ఆడపిల్లనైనా అడ్డంకులు దాటుకుంటూ"... ఇవి ఎవరైనా రాస్తారు. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్ళ దగ్గర రెండు నెలలు కూచుని వచ్చావు కదా, అదేదీ? కరక్కాయ పొడి, గేదె పాలు కలిపి గుడ్డ నానబెట్టడం, తుప్పు ఇనుము బెల్లం నీళ్ళలో పులిసి నలుపు తయారవడం, వెదురు పుల్లకి ఉన్ని చుట్టిన కలం పట్టి గీసేటప్పుడు ఊపిరి బిగబట్టడం. ఫోన్లో ఇవి చెబుతుంటే నీ గొంతే మారిపోయింది. అది రాయి. పాలు చాలని చోట రంగు పాకిపోయి గుడ్డంతా పాడైందన్నావే, అదీ రాయి.

కాలేజీలో కాక పనివాళ్ళ వసారాలో నేర్చుకున్నానని మొహమాటపడకు. శిల్పి మీరా ముఖర్జీ 1953లో ఫెలోషిప్ మీద జర్మనీలో మ్యూనిక్ దాకా వెళ్ళింది. తీరా తనకి కావలసింది బస్తర్‌లో లోహం పోతపోసేవాళ్ళ దగ్గర దొరికింది.

ఫోటోలు చూసి నవ్వొచ్చింది. ఫ్రేము అద్దంలో మీ సీలింగు ఫ్యాను కనబడుతోంది! అద్దం తీసేసి, పొద్దున పూట కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా తియ్. ఒక్కో బొమ్మకి గీత తెలిసేలా దగ్గర్నుంచి ఇంకోటి. కొలతలు, ఏడాది రాయి. ఇంటర్వ్యూకి పిలిస్తే అసలు గుడ్డలు కర్రకి చుట్టి పట్టుకెళ్ళు, మడత పెట్టావో గీత విరుగుతుంది.

ఇక డబ్బు సంగతి. నెలకి 5,000 చొప్పున రెండేళ్ళు. కానీ నెలనెలా రాదు, ఆర్నెల్లకోసారి 30,000 పడుతుంది. అంత ఒక్కసారి కళ్ళపడితే ఇంట్లో అందరికీ అవసరాలు గుర్తొస్తాయి. నేను చదువుకునే రోజుల్లో నాకొచ్చిన స్కాలర్‌షిప్ మీ తాతయ్య చేతికి వెళ్ళి పాడిగేదె అయింది. పాలు బాగానే ఇచ్చేది, కాదనను. మీ నాన్న ఆ పాలు తాగే పెరిగాడు. నేను మాత్రం ఆ ఏడాదంతా స్నేహితురాలి రంగుల పెట్టెలో అడుగున మిగిలినవి గీరుకుని వేశాను. నీ ఒక్కదాని పేరు మీద అకౌంటు తెరువు, జాయింటు వద్దు. డబ్బు పడిన రోజే ఆర్నెల్లకి సరిపడా గుడ్డ, కరక్కాయ, రంగులు కొనిపడెయ్.

రోజుకి కనీసం మూడు గంటలు సాధన చెయ్యాలని వాళ్ళ నిబంధనల్లోనే ఉంది. ఆ పేజీ ప్రింటు తీసి వంటింటి తలుపుకి అంటించు. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

సిఫార్సు ఉత్తరం కోసం మీ మాస్టారిని రేపే అడుగు, ఆయన చివరి రోజు దాకా నాన్చే రకమని నువ్వే అన్నావు. తిరగరాసిన పేజీ ఆదివారంలోగా పంపు, పెద్ద అక్షరాల్లో.

మీ అత్తయ్య