రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఫిజియోథెరపీ నిజంగా అవసరమా?

చంకలో గ్రంథులు కూడా తీసి ఉంటే, అవసరమే. నొప్పికి భయపడి చెయ్యి కదపకపోతే భుజం బిగుసుకుపోతుంది. తర్వాత రేడియేషన్ ఉంటే చెయ్యి తలపైకి ఎత్తి పడుకోవాలి. అది లేవకపోతే చికిత్సే ఆలస్యమవుతుంది.

గాయంలో చేరే ద్రవం బయటికి పోయేందుకు పెట్టే డ్రెయిన్ గొట్టం ఉన్నన్నాళ్లూ పిడికిలి బిగించి వదలడం, మోచెయ్యి మడవడం చాలు. చెయ్యి భుజం ఎత్తు దాటనివ్వొద్దు. గొట్టం తీశాక, సర్జన్ సరేనంటే, గోడకు అడుగు దూరంలో నిలబడి వేళ్లతో పైకి పాకించాలి. లాగుతున్నట్టు అనిపించే చోట 5 సెకన్లు ఆగి దించాలి. 5 నుంచి 10 సార్లు, రోజుకు రెండు మూడు పూటలు. అందిన చోట పెన్సిల్ గీత పెట్టండి. చాలామంది భుజాన్ని చెవి దాకా ఎగరేసి, నడుం వెనక్కి వంచి గీత దాటించేస్తారు. అది దొంగలెక్క! చంక నుంచి మోచేతి వైపు తాడులా బిగుసుకుంటే ఫిజియోకి చూపించండి.

గాజులు ఆపరేషన్ అయిన వైపు చేతికే బిగుతవుతున్నాయంటే నీరు చేరుతోందేమో. ముందుగా పట్టుకుంటే చేతికి తొడిగే బిగుతు తొడుగుతో (స్లీవ్) అదుపులో ఉంటుంది. కొలత తీసుకునే కొనాలి. విశాఖ ఉక్కపోతకి రోజూ ఉతకాల్సిందే. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరమొస్తే స్లీవ్ తీసేసి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

కీమో నీరసానికి నడకే మంచి మందు: ఎండెక్కక ముందు బీచ్ రోడ్డులో 10 నిమిషాలతో మొదలుపెట్టండి. క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా బరువులెత్తకూడదు. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించుకుంటుంటే, ఫిజియో సలహా గురించి అక్కడి డాక్టర్‌నే అడగండి.