లక్కిరెడ్డిపల్లె సీటు ఎందుకు పోయింది, జనం తగ్గినారా?

అప్పటి మా ఉమ్మడి కడప జిల్లాలో లక్కిరెడ్డిపల్లె అసెంబ్లీ నియోజకవర్గం 2009 ఎన్నికలకి ఎందుకు లేకుండా పోయిందని అడిగినారు గదా. 2001 జనాభా లెక్కలప్పుడు నేను టీచర్ని, ఆ మండలంలోనే ఇల్లిల్లూ తిరిగి రాసినోణ్ణి, కాబట్టి చెప్తా.

జనం తగ్గలేదండీ. ఉమ్మడి రాష్ట్రానికి 294 సీట్లని 1971 లెక్కల మీద బిగించేసినారు, అప్పుడు వాటిని పెంచడానికి లేదు, నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీసిన కుల్దీప్ సింగ్ కమిషన్ చేసిందల్లా 2001 జనాభాని బట్టి ఆ 294నే జిల్లాలకి మళ్లీ పంచడం. 7 కోట్ల 62 లక్షల మందిని 294తో భాగిస్తే సీటుకి సుమారు 2 లక్షల 59 వేలు పడతాది. మన జిల్లా 26 లక్షలు, భాగించి చూడండి, పదే వస్తాయి, అంతకుముందు 11 ఉండేవి. అదే లెక్కలో పక్కన కర్నూలుకి 13 కాస్తా 14 అయినాయి, అనంతపురానికి 14 అట్లే ఉండాయి. ఎక్కువగా పెరిగింది హైదరాబాద్ చుట్టూనే, ఒక్క రంగారెడ్డి జిల్లాకే మొత్తం 14 సీట్లు అయినాయి, మన పిల్లోళ్లు కూడా పనికని పోయి అక్కడి లెక్కలోనే పడినారు. లక్కిరెడ్డిపల్లె మండలం రాయచోటిలో కలిసింది.

ఇంకోటుంది, నాకు ఇప్పటికీ బాధే. ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా రాసినాం, ఆ రోజులన్నీ ఊళ్లో లేనోళ్లని ఆ ఇంట్లో రాయకూడదు, అది రూలు. మా వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు. ఒక ముసలామె గడపలో కూర్చోని సెనక్కాయలు ఒలుస్తా, "నా కొడుకును రాసుకో సారూ, వాడు పంపే దుడ్లతోనే గదా ఈ ఇల్లు కట్టింది" అనింది. రాయలేనమ్మా అంటే నమ్మలేదు. వాళ్లందర్నీ రాసుంటే సీటు నిలిచేదని నేను అనను, పదకొండోది రావాలంటే ఇంకా లక్షకు పైన జనం కావాల్సింది.

వచ్చే లెక్క 2027 మార్చి 1 నాటికి కడతారు. ఊళ్లో ఉండేవాళ్లన్నా ఒక్కరు కూడా తప్పిపోకుండా రాయించుకోండి, చేనుకు పోయేటప్పుడు పక్కింట్లో చెప్పి పోండి, ఎందుకంటే తాళం చూసి వెనక్కి తిరిగిన ఇళ్లు ఎన్నో నాకు తెలుసు.

2001లో ఆ మార్చి మొదట్లో సరిచూసుకోడానికి మళ్లీ పోయినా. ఆ ముసలామె లేచొచ్చి "రాసినావా సారూ" అని అడిగింది. కాగితం చూపించినా, అందులో ఆమె పేరు, కోడలి పేరే ఉండాయి.