విషాల చదువు ఆడపిల్లకెందుకు అంటున్న తండ్రికి

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బి.ఫార్మసీ చివరి సంవత్సరం చదువుతోంది. నైపర్‌లో (జాతీయ ఔషధ విద్యా పరిశోధన సంస్థ) రెగ్యులేటరీ టాక్సికాలజీలో (మందులూ రసాయనాలూ మనిషికి ఎంతవరకు క్షేమమో తేల్చే విషశాస్త్రం) ఎం.ఎస్. చేసి, తరువాత పీహెచ్‌డీ కూడా చేస్తానంటోంది. ఎలుకలతో, విషాలతో పని ఆడపిల్లకు క్షేమం కాదని మా భయం. ఆ చదువంతా పూర్తయ్యేసరికి ఇరవై ఎనిమిదేళ్లు దాటుతాయి. అమీర్‌పేటలో కొన్ని నెలల ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల నమోదు) కోర్సు చేస్తే ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగం వస్తుందని బంధువులు చెబుతున్నారు. ఈ రెండు దారులనూ పోల్చి చెప్పగలరు. ఎం.ఎస్.లో చేరకముందే నిశ్చితార్థం చేసి ఉంచమంటారా? (ఒక తండ్రి, ఒంగోలు)

జవాబు: అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ భయం ఉంది, బంధువుల సలహా ఉంది, లెక్కగట్టిన వయసు ఉంది. మీ అమ్మాయి మాట మాత్రం ఒక్కటీ లేదు. ఇన్ని సబ్జెక్టులుండగా ఆమె దీన్నే ఎందుకు కోరుకుందో మీరు రాయలేదు. బహుశా అడిగి ఉండరు. ఇలాంటి ఉత్తరాలు నాకు ప్రతి వేసవిలోనూ వస్తాయి. ఒక ఏడాది మైక్రోబయాలజీ, మరొక ఏడాది జియాలజీ, సబ్జెక్టు పేరు మారుతుందే తప్ప క్షేమం, వయసు, బంధువులు అనే మూడు మాటలు మారవు. ఇన్నేళ్లలో అబ్బాయి తండ్రి ఒక్కరు కూడా “టాక్సికాలజీ మావాడికి క్షేమమేనా” అని నన్ను అడగలేదు. విషానికి ఆడామగా తేడా ఉండదన్న సంగతి మీకు తెలియనిది కాదు.

క్షేమం గురించిన ప్రశ్నకు మాత్రం సూటిగా జవాబు చెప్పాలి, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. టాక్సికాలజీ ప్రయోగశాలలో పనిచేసేవారికి తాము దేన్ని ముట్టుకుంటున్నారో ముందే తెలుసు. ప్రతి రసాయనానికీ భద్రతా వివరాల పత్రం ఉంటుంది, విషపు ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ ఉంటుంది, ఎంత మోతాదు ఎవరు తూచారో రాసి సంతకం పెట్టే రిజిస్టరు ఉంటుంది. పొలంలో మందు కొట్టే కూలీకి గానీ, కల్తీ నూనెతో రోజూ వంట చేసే ఇల్లాలికి గానీ ఇందులో ఏదీ ఉండదు. అయితే గర్భిణులకు హాని చేసే రసాయనాలు ప్రయోగశాలల్లో ఉంటాయన్నది కూడా నిజమే. బిడ్డ అవయవాలు రూపుదిద్దుకునేది మొదటి రెండు నెలల్లో. మన ఇళ్లలో ఆ కబురు బయటికి చెప్పేది మూడో నెల నిండాక. ప్రమాదం ఉన్నది సరిగ్గా ఈ రెండింటి మధ్యనే. ఆ రెండు నెలల్లో సంకోచం లేకుండా వెళ్లి “మేడమ్, కొన్నాళ్లు నన్ను ఈ పని నుంచి తప్పించి కాగితాల పనికి వేయండి” అని చెప్పుకోగల పెద్దదిక్కు ఆ విభాగంలో ఉంటే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. లేకపోతే అమ్మాయి నోరు మూసుకుని పని చేస్తుంది, లేదా ఉద్యోగం మానేస్తుంది. కాబట్టి మీరు కనుక్కోవలసింది విషాల గురించి కన్నా, ఆమె చేరబోయే చోట ఉన్న మనుషుల గురించి.

ఇది ఎలుకల చదువు మాత్రమే అన్న అభిప్రాయం కూడా పాతబడింది. జంతు ప్రయోగాలు ఉన్నాయి, ఇంకా చాలాకాలం ఉంటాయి. రోజూ ఒకే వేళకు మోతాదు వేయడం, ఆదివారమైనా సంక్రాంతి అయినా మానకపోవడం అందులో భాగం. కానీ 2023లో మన కొత్త ఔషధాల నిబంధనలను సవరించి, కణజాలాలతోనూ కంప్యూటర్ నమూనాలతోనూ చేసే పరీక్షలకు కూడా చోటిచ్చారు. 2018లో రక్తపోటు మందు వాల్సార్టాన్‌లో క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న నైట్రోసమైన్ మలినాలు బయటపడినప్పటి నుంచి, ఒక మలినం రోజుకు ఎంతవరకు శరీరంలోకి వెళ్లినా ఫరవాలేదో లెక్కగట్టి నివేదిక రాయగలవారి అవసరం మన ఔషధ కంపెనీలకు బాగా పెరిగింది. అది పూర్తిగా బల్ల దగ్గర కూర్చుని చేసే పని, ఆలోచనతో కూడిన పని. మీకు కావలసిన “ఇంటి నుంచి ఉద్యోగం” ఈ దారిలోనూ ఉంది. కాకపోతే కొన్నేళ్ల అనుభవం తరువాత వస్తుంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివార్లలోని వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి పీల్చి జనం వీధుల్లో కుప్పకూలారు. అదే ఏడాది డిసెంబరులో ఏలూరులో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛపోతుంటే, రక్తనమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. ఆ రోజుల్లో మనందరం టీవీల ముందు కూర్చుని “అసలు ఏమైంది” అని అడిగాం గదా, ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే టాక్సికాలజిస్టుల పని. అప్పుడు మీ అమ్మాయి ఇంటర్ ఈడులో ఉండి ఉంటుంది. ఆమెకు ఈ కోరిక ఎక్కడ పుట్టిందో ఒకసారి అడిగి చూడండి, నా ఊహ తప్పు కావచ్చు.

ఇక మీ బంధువులు చెప్పిన దారి సంగతి. ఫార్మకోవిజిలెన్స్‌ను నేను చిన్నచూపు చూడను. మందు మార్కెట్లోకి వచ్చాక రోగులలో కనిపించే దుష్ప్రభావాలను గమనించి నమోదు చేయడం చాలా అవసరమైన పని. నా సందేహమంతా దాన్ని కొన్ని నెలల కోర్సుగా అమ్ముతున్న తీరు మీద. కొత్తగా చేరినవారు మొదటి రెండు మూడేళ్లు చేసేది ఎక్కువగా కేస్ ప్రాసెసింగ్: ఎక్కడి నుంచో వచ్చిన నివేదికను చదవడం, రోగి వయసు, మందు పేరు, లక్షణాలు గడులలో నింపడం, లక్షణానికి సరైన కోడ్ వెతికి పెట్టడం, పది వాక్యాల కథనం రాయడం, రోజుకు ఇన్ని కేసులన్న లెక్క అందుకోవడం. ఈ పనిని కంపెనీలు చేర్చుకున్నాక తామే నేర్పుకుంటాయి, బి.ఫార్మసీ పట్టా ఉన్న అమ్మాయికి కోచింగ్ సంస్థ సర్టిఫికెట్ వల్ల కలిసివచ్చేది, ఇంటర్వ్యూలో రెండు పదాలు తడుముకోకుండా చెప్పగలగడం. “నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్” అన్న బోర్డు చూసి ఫీజు కట్టి, తరువాత అదే సంస్థలో కౌన్సెలర్‌గా ఫోన్లు చేసే ఉద్యోగంలో తేలిన పిల్లలను నేను చూశాను. అన్నిటికన్నా పెద్ద సందేహం ఏమిటంటే, ఈ తొలిమెట్టు పనినే ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తున్నారు. గడులు నింపే పని యంత్రానికి పోయిన తరువాత మనిషికి మిగిలేది, ఫలానా మందుకూ ఫలానా కాలేయ సమస్యకూ నిజంగా సంబంధం ఉందా అని తేల్చే పని. అది తేల్చాలంటే టాక్సికాలజీ రావాలి. అంటే మీ అమ్మాయి ముందు తన దారిన వెళ్లి, కావాలనుకుంటే తరువాత ఇటు తిరగవచ్చు. ఇటు వచ్చినవాళ్లు నాలుగేళ్ల తరువాత అటు వెళ్లడం మాత్రం కష్టం. “ఇంట్లో కూర్చుని” అన్న మాట దగ్గర కూడా కాస్త ఆగండి. ఇంటి నుంచి చేసే ఆఫీసు పనిలో కేసుల గడువు ఒకవైపు, పొయ్యి మీద పప్పు ఒకవైపు ఉంటాయి. ఇంట్లోనే ఉందిగదా అని వచ్చిన చుట్టాలకు టీ పెట్టేదీ ఆమే.

మీ అసలు దిగులు జీతమూ కాదు, విషమూ కాదు. అమ్మాయి ఇంతదూరం వెళ్లి సగంలో ఒంటరిదై నిలిచిపోతుందేమో, అప్పుడు చదువూ పూర్తికాక సంసారమూ కుదరక తిరిగి వస్తే మనం ఏం చేయగలం అన్నది మీ దిగులు. అందులో తప్పు లేదు. సైన్సు చదివిన ఆడపిల్లలు మధ్యలో ఆగిపోవడం నేనూ చూశాను. కానీ వాళ్లు తెలివి చాలక ఆగలేదు. పరిశోధన నడిపించే గైడ్ సరైనవాడు కానప్పుడో, పెళ్లయిన కొత్తలోనో, బిడ్డ పుట్టాక తిరిగి చేరవలసినప్పుడో, ఆ సమయంలో పక్కన నిలబడేవాళ్లు ఒక్కరు లేక ఆగారు.

పక్కన నిలబడడమంటే ఏమిటో నాకు బాగా అర్థమైన సందర్భం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట నా సలహా మీద ఈ రంగంలోకి వెళ్లిన ఒక అమ్మాయి జంతువులపై చేసే తొంభై రోజుల అధ్యయనంలో పనిచేస్తోంది. చివరిరోజు జంతువుల అవయవాలు తీసి తూచే నెక్రాప్సీ ఉంటుంది. ఆ తేదీ అధ్యయన ప్రణాళికలో ముందే రాసి ఉంటుంది, మనకోసం జరగదు. సరిగ్గా అదే రోజు రాత్రి చిన్నాన్న కూతురి పెళ్లి. ఇంట్లో వాళ్లమ్మ “ఎలుకలకున్న విలువ మాకు లేదా” అని ఏడ్చింది. అమ్మాయి ఉద్యోగం మానేస్తానని ఉత్తరం కూడా రాసి పెట్టుకుంది. ఆ సంగతి గమనించిన ఒక సీనియర్ ఆమెకు నీతులు చెప్పలేదు. అందరితో మాట్లాడి పనిని తెల్లవారుజామున ఐదుకు మొదలుపెట్టించింది, తన వంతు కాకపోయినా తూకం దగ్గర తానే కూర్చుంది, ఆఖరి కాలేయం, అవయవాలు చెడకుండా ఉంచే ఫార్మలిన్ సీసాలో పడేసరికి మధ్యాహ్నం రెండయింది. ముహూర్తం రాత్రి పదకొండున్నరకు. అమ్మాయి తలంబ్రాల వేళకు అందుకుంది. పట్టుచీర కట్టుకున్నా చేతులకు ఆ ఫార్మలిన్ వాసన వదల్లేదని వాళ్లమ్మ తరువాత నాతో నవ్వుతూ చెప్పింది. ఆ రాజీనామా ఉత్తరం ఎవరికీ అందలేదు.

ఇలా పక్కన నిలబడడం కొత్త సంగతేమీ కాదు. 1936లో ఫ్రాన్సిస్ ఓల్డమ్ అనే కెనడా యువతి ఉద్యోగం కోసం షికాగో విశ్వవిద్యాలయానికి రాస్తే, పేరును బట్టి మగవాడనుకుని “మిస్టర్ ఓల్డమ్” అని సంబోధిస్తూ ఉద్యోగం ఇచ్చారు. తాను స్త్రీనని ముందుగా వివరించాలేమో అని ఆమె తన ఆచార్యుణ్ని అడిగింది. ఆయన ఆ ఆలోచనను కొట్టిపారేసి, ఒప్పుకుంటున్నానని రాసి, సంతకం పక్కన “మిస్” అని చేర్చి వెళ్లమన్నాడు. ఆ ఒక్క సలహా లేకపోతే ఆమె అక్కడే ఆగిపోయేదేమో. షికాగోలో మరుసటి ఏడాదే, డైఇథిలిన్ గ్లైకాల్ అనే విష ద్రావకం కలిపిన సల్ఫా మందు తాగి అమెరికాలో వందమందికి పైగా చనిపోయిన ఉదంతం మీద ఆమె పనిచేసింది. (అదే రసాయనం 2022లో గాంబియాలో పిల్లల దగ్గుమందుల్లో మళ్లీ వార్తలకెక్కింది.) 1960లో, పెళ్లయి ఇద్దరు కూతుళ్ల తల్లి అయ్యాక, నలభై ఆరేళ్ల వయసులో, డాక్టర్ ఫ్రాన్సిస్ కెల్సీగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థలో చేరి, నిద్రకూ గర్భిణుల వికారానికీ వాడిన థాలిడోమైడ్ మాత్రకు ఆధారాలు చాలవని అనుమతి ఇవ్వకుండా నిలబడింది. ఇతర దేశాల్లో ఆ మాత్ర వల్ల వేలమంది పిల్లలు అవయవలోపాలతో పుట్టారు. ఇరవై ఎనిమిదేళ్లకే అంతా అయిపోతుందని లెక్కగట్టిన మీకోసమే ఆమె వయసు రాశాను. దగ్గరి ఉదాహరణే కావాలంటే, హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు సంచాలకులుగా పనిచేసిన డాక్టర్ కమలా కృష్ణస్వామి ఉన్నారు. పోషణ సరిగా లేని శరీరంలో మందులు ఎలా పనిచేస్తాయన్నది ఆమె పరిశోధన.

మీరు చేయవలసిన పని ఇప్పుడు చెబుతాను, ఇది పోలికల పట్టిక కన్నా ముఖ్యం. పీహెచ్‌డీ దాకా వచ్చినప్పుడు సంస్థ పేరు చూసి కాక, గైడ్‌ను చూసి ఎంచుకోమనండి. హైదరాబాదు నైపర్, అక్కడే ఉన్న భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ), లక్నోలో 1965 నుంచి ఉన్న భారత విషవిజ్ఞాన పరిశోధన సంస్థ, ఏదైనా కావచ్చు. ఆ గైడ్ దగ్గర చదివి బయటికి వచ్చిన ఇద్దరు మహిళలతో ఆమె స్వయంగా మాట్లాడాలి. ఎన్నేళ్లు పట్టింది, పరిశోధన పత్రాలలో పేరు న్యాయంగా వేశారా, పెళ్లయినప్పుడూ బిడ్డ పుట్టినప్పుడూ ఎలా ప్రవర్తించారు అని అడగాలి. మీరు అడిగితే వాళ్లు చెప్పరు, ఆమె అడిగితే చెబుతారు. గైడ్ కాక మరొక పెద్దదిక్కును, వీలైతే వేరే విభాగంలో, మొదటి ఏడాదిలోనే చూసుకోవాలి. గైడ్‌తోనే ఇబ్బంది వస్తే వెళ్లడానికి ఒక గుమ్మం ఉండాలి గదా. వేధింపులపై ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి సంస్థలోనూ ఉండాలి, దాని సభ్యులెవరో చేరిన వారంలోనే తెలుసుకోవాలి.

నియమాల అండ కూడా మీరనుకున్నంత తక్కువగా లేదు. పీహెచ్‌డీ చేస్తున్న మహిళలకు యూజీసీ నిబంధనల ప్రకారం 240 రోజుల వరకు ప్రసూతి సెలవు, పూర్తిచేయడానికి అదనంగా రెండేళ్ల గడువు ఉన్నాయి. ఉద్యోగాలలో ప్రసూతి సెలవు 2017 సవరణతో 26 వారాలైంది. జాతీయ పరీక్ష ద్వారా ఇచ్చే పరిశోధన భృతి, జేఆర్ఎఫ్, వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. అంటే మీరు డబ్బు పంపవలసిన అవసరం కూడా ఉండదు. ఉద్యోగంలో విరామం వచ్చిన మహిళలు మళ్లీ పరిశోధనలోకి రావడానికి శాస్త్ర సాంకేతిక శాఖ, బయోటెక్నాలజీ శాఖ పథకాలు నడుపుతున్నాయి. సెలవు చట్టంలో ఉన్నా అడగడానికి జంకే వాతావరణం కొన్నిచోట్ల ఉందన్నది నిజమే, అందుకే మనుషులను చూసుకోమని ఇంతసేపు చెప్పాను.

మీరు అడిగిన పోలిక రెండు మాటల్లో అయిపోతుంది. మొదటి మూడేళ్లు ఫార్మకోవిజిలెన్స్‌లో చేతికి డబ్బు ముందుగా వస్తుంది. పదేళ్ల తరువాత ఎంచుకునే వీలు టాక్సికాలజీ చదివిన అమ్మాయికే ఎక్కువ ఉంటుంది. ఎం.ఎస్. రెండేళ్లే, అది పూర్తయ్యాక పీహెచ్‌డీ వద్దనుకుంటే హైదరాబాదు దగ్గరి జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలల్లోనో, ఔషధ కంపెనీలోనో ఉద్యోగంలో చేరవచ్చు. ఇరవై ఎనిమిదేళ్ల లెక్క ఇప్పుడే కట్టవలసిన పని లేదు.

నిశ్చితార్థం మాట నన్ను అడిగారు గానీ అది ఆమెను అడగవలసినది. ఆమె సరేనంటే, అబ్బాయి ఇంటివాళ్లకు మొదటిరోజే రెండు సంగతులు చెప్పండి: చదువు మధ్యలో మానదని, పండుగ రోజైనా ప్రయోగశాలకు వెళ్లవలసి రావచ్చని. ఆ మాట వాళ్లు ఎలా వింటారో మీరే చూస్తారు. నాకు మళ్లీ రాయాలనుకుంటే, ఈసారి ఉత్తరం మీ అమ్మాయిని రాయమనండి.